ఇక్కడ మనిషున్నారు

సహోదరీ సహోదరులారా, ఆ చీకటి రోజుల్లో బుకిట్ బటోక్‌లోని మా ఫ్లాట్‌లో ఎవరినీ ఎవరూ నమ్మేవాళ్లం కాదు. మా వారు నన్ను నమ్మరు, నేను మా వారిని నమ్మను, మా అమ్మాయి మా ఇద్దరినీ నమ్మక, తను పనిచేసే బ్యాంకు నుంచి ఆయనకొకసారి నాకొకసారి ఫోన్ చేసి ఇద్దరి మాటలూ పక్కపక్కన పెట్టి చూసుకునేది. అలాంటి ఇంట్లో పొద్దుటి కుటుంబ ప్రార్థన మాత్రం మానలేదు. ముగ్గురం తలలు వంచేవాళ్లం, అందులో నేను ఒక కన్ను కొంచెం తెరిచే ఉంచేదాన్ని.

నా సంగతి ముందే చెప్పడం మంచిది. పెళ్లికి ముందు విజయవాడలో, ఆ తర్వాత ఈ దేశంలో, నేను దినపత్రికల డెస్కుల మీద పనిచేసినదాన్ని. ఎవరో రాసి పంపిన మాటని వెంటనే నమ్మకపోవడమే నా ఉద్యోగం. ఈ మాట ఎవరన్నారు, ఎవరు చూశారు, అవతలి మనిషిని అడిగారా అని ప్రశ్నించి ప్రశ్నించి, ఆ అలవాటు నాతోపాటు ఇంటికి వచ్చేసింది, మందిరంలోకీ వచ్చేసింది, ఇంకొకరు సాక్ష్యం చెబుతుంటే నా మనసు ఎర్రసిరా పెన్ను తీసుకుని కూర్చునేది. కాబట్టి జబ్బు మాయమైందన్న కబురు కోసం ఈ పేజీ తిప్పినవాళ్లకి ఇక్కడే చెప్పేస్తున్నాను. మా వారికి ఉన్నది డిమెన్షియా, అది తగ్గలేదు, పెరుగుతోంది. అయినా దేవుడు విడిపించాడు. దేని నుంచి విడిపించాడో వినండి.

మా వారు తువాస్‌లో ఓడలు బాగుచేసే యార్డులో సేఫ్టీ సూపర్‌వైజరు. ఓడ అడుగున ఉండే ట్యాంకుల్లోకి పనివాళ్లని దింపేముందు లోపలి గాలి మంచిదో కాదో చూడడం, దిగినవాళ్లంతా పైకి వచ్చాకే మూత వేయించడం ఆయన పని. ఒకరోజు దిగినవాళ్లు వచ్చేశారో లేదో ఆయనకి గుర్తు రాలేదట. వాళ్లందరూ క్యాంటీన్‌లో అన్నం తింటున్నారు, ఈయన మాత్రం ట్యాంకు నోటి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని లోపలికి పిలుస్తూనే ఉన్నారట. ఎవరికీ ఏమీ కాలేదు, దేవునికే మహిమ. ఈ సంగతి ఆయన దగ్గర పనిచేసిన మన తెలుగువాళ్లు చాలాకాలం తర్వాత చెప్పారు. అప్పట్లో నాకు తెలిసింది ఒక్కటే, ఆయన ఉన్నట్టుండి రాజీనామా ఇచ్చి ఇంటికి వచ్చి, అలసిపోయాను అన్నారు. జ్వరమొచ్చినా సెలవు పెట్టని మనిషి అలసిపోవడమేమిటి? నేను నమ్మలేదు.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముఖానికి పౌడరు అద్దుకుని బయటికి వెళ్లేవారు, సాయంత్రానికి వచ్చి ఆకలని అన్నం పెట్టించుకునేవారు. ఎక్కడికి వెళ్లారంటే ఊరికే అనేవారు. ఉతకడానికి బట్టలు తీస్తే ప్రతి జేబులోనూ ఒక టిష్యూ ప్యాకెట్. ఇండియాలో ఈ పత్రిక చదివేవాళ్లకి ఇది అర్థం కాకపోవచ్చు. ఇక్కడ హాకర్ సెంటర్లని ఉంటాయి, చుట్టూ తిండి కొట్లు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు. తిండి తెచ్చుకోడానికి వెళ్లేముందు కుర్చీ మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్తే ఇక ఆ కుర్చీ జోలికి ఎవరూ రారు, దాన్ని చోప్ చేయడం అంటారు, మనవైపు బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్నట్టే. మరి బయట ఒక్క మెతుకు తినకుండా ఇంటికి ఆకలితో వచ్చే మనిషికి రోజూ చోప్ చేయాల్సిన అవసరం ఏమిటి? ఇది నా మొదటి ప్రశ్న. అమ్మాయిని అడిగితే, "అమ్మా, డోంట్ ఎనీహౌ థింక్ లా, డాడీకి బోర్ కొడుతోంది అంతే," అని, ఏదేదో ఊహించుకోకమ్మా అన్నట్టు ఈ ఊరి ఇంగ్లీషులో కొట్టిపారేసింది.

నేను కొట్టిపారేయలేదు. ఒకరోజు పొద్దున, ఆయన వెళ్లని వేళ చూసుకుని, మా బ్లాకు దగ్గరి హాకర్ సెంటర్‌కి వెళ్లి కాఫీ కొట్టు అంకుల్‌కి ఫోన్‌లో ఆయన ఫోటో చూపించాను. ఆ చైనీస్ పెద్దాయన చూడగానే నవ్వారు. "దిస్ అంకుల్ ఆ? ఎవ్రీడే కమ్. ఎవ్రీడే వెయిట్ ఫర్ హిస్ వైఫ్ లా," అన్నారు. ఆ భార్య ఎలా ఉంటుందని అడిగాను. ఎప్పుడూ చూడలేదట, పొడుగు జడ అనీ, చాలా అందంగా ఉంటుందనీ మా వారే చెప్పారట. తర్వాత ఆ అంకుల్ నన్ను పైనుంచి కిందికి చూసి, "యూ హిస్ సిస్టర్ ఆ?" అన్నారు. నా జుట్టు నెరిసి, మెడ దాకా కత్తిరించుకుని ఎన్నో ఏళ్లయింది. అవునని తల ఊపి వచ్చేశాను.

ఆ రోజు వంటగదిలో తలుపు వేసుకుని నేను చేసిన ప్రార్థన మీకు అక్షరం మార్చకుండా చెబుతున్నాను. "ప్రభువా, ఆ మనిషెవరో నాకు చూపించు. నాకు ఓదార్పు వద్దు, నిజం కావాలి. నువ్వు చూపిస్తే నేను నీ సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెబుతాను." సాక్ష్యం చెబుతానని మొక్కుకుని మరిచిపోయేవాళ్లని నేను చాలామందిని చూశాను, వాళ్లని లోపల్లోపల విమర్శించాను కూడా, అందుకే ఇప్పుడు ఇది రాయక తప్పలేదు.

ఆ తర్వాత మా అమ్మాయే ఏదో కీడు పసిగట్టి ఆయన్ని జ్ఞాపకశక్తి పరీక్షించే క్లినిక్‌కి తీసుకెళ్లింది. డాక్టరు డిమెన్షియా అన్నారు. నేను అదీ నమ్మలేదు, సహోదరులారా. మనిషికి యార్డులోని ఓడల పేర్లు గుర్తున్నాయి, పాత కీర్తనలు పల్లవి నుంచి చివరి చరణం దాకా గుర్తున్నాయి, ఎక్కడికి వెళ్లారని అడిగితే మాత్రం గుర్తు లేదు. ఇంత అనుకూలమైన మతిమరుపు ఎక్కడైనా ఉంటుందా అనుకున్నాను. ఒక మధ్యాహ్నం నేను అన్నం వడ్డిస్తుంటే, "మీరు ఇంకా వెళ్లలేదా ఆంటీ?" అన్నారు. ఈ ఊళ్లో కాస్త వయసు మీదపడిన ప్రతి ఆడమనిషీ ఆంటీయే, టాక్సీ డ్రైవరుకీ ఆంటీ, కూరగాయల కొట్టువాడికీ ఆంటీ. ఇప్పుడు కట్టుకున్నవాడికి కూడా ఆంటీనయ్యాను కాబోలు, పొడుగు జడ వేరేచోట దొరికింది కదా అనుకుని గరిటె అక్కడే పెట్టి లేచిపోయాను.

జబ్బు ఖర్చంటే ఆసుపత్రి బిల్లు అనుకుంటాం. ఆ బిల్లు కంటికి కనబడుతుంది, కనబడనివి వేరే ఉన్నాయి. ఆయన రైల్లో ఏ స్టేషన్‌లో పడితే ఆ స్టేషన్‌లో దిగిపోతుంటే నేను మొదట సగం రోజులు, తర్వాత పూర్తిగా ఉద్యోగం మానేశాను. అమ్మాయి పై దేశాలకి పంపే పెద్ద పదవి వద్దని చెప్పి, సెరంగూన్‌లో స్నేహితురాలితో అద్దెకున్న గది ఖాళీ చేసి మా దగ్గరికి వచ్చేసింది, పెళ్లి మాట ఎత్తితే ఇప్పుడు కాదంటుంది. ఇంటికి వచ్చేవాళ్లు తగ్గారు. శుక్రవారం ప్రార్థన కూడిక మా ఇంటి నుంచి ఇంకొకరి ఇంటికి మారింది, మీకు శ్రమ ఎందుకమ్మా అన్నారు, మా వారు ఇంకోసారి అందరి ముందు చొక్కా విప్పేస్తారేమోనని భయపడ్డారని నాకు తెలుసు. వచ్చినవాళ్లు కూడా ఆయన ఎదురుగానే, "ఈయనకి మనం చెప్పేది తెలుస్తుందా?" అని నన్ను అడిగేవారు.

ఒంగోలు నుంచి మా మరిది ఫోన్ చేశాడు. అన్న అంటే ప్రాణం అతనికి. "వదినా, మీ ఇంట్లో ఎవరో పెద్దావిడ చేరి పెత్తనం చేస్తా ఉందంట గదా. అన్నయ్య ఏడస్తా ఉండాడు. మీ పుట్టింటోళ్లు ఎవురన్నా వచ్చి కూర్చున్నారా?" అన్నాడు. ఎవరూ లేరయ్యా అంటే, "అన్నయ్య చెప్పేదొకటి, నువ్వు చెప్పేదొకటి. మా అన్నయ్యని మాకు పంపించెయ్," అన్నాడు. అప్పుడు నాకు లెక్క సరిపోయినట్టు అనిపించింది. ఈయన నా మీద లేనివి కల్పించి చెబుతున్నారు, తమ్ముణ్ణి తన వైపు తిప్పుకుంటున్నారు, నన్ను వదిలించుకోడానికి దారి వేస్తున్నారు. సరే, ఆ పని నేనే ముందు చేస్తాను, ఒంగోలు పంపించేసి ఈ సంసారం ముగిస్తాను అనుకున్నాను.

ఈలోగా సంఘంలో ఎవరో ఒక దైవసేవకుణ్ణి ఇంటికి తీసుకొచ్చారు. ఇది జబ్బు కాదు దురాత్మ అని ఆయన మా వారి చెవి దగ్గర నోరు పెట్టి, వెళ్లిపో వెళ్లిపో అని పెద్దగా గద్దించారు. మా వారు ఓపిగ్గా అంతా విని, ఆయన చెయ్యి పట్టుకుని, "తమ్ముడూ, నాకు బాగానే వినబడతది. నీకేమన్నా చెవుడా?" అని అడిగారు. అమ్మాయి మొహం తిప్పుకుని నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు విని చాలాకాలమైంది, దానికి కూడా ప్రభువుకి స్తోత్రం.

అసలు గొడవ మందిరంలో జరిగింది. ఆదివారం ఆరాధనలో నేను ఆయనకి ఎడమవైపు కూర్చుంటాను, ఆయన కుడివైపు కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టారు. ఆలస్యంగా వచ్చిన ఒక సహోదరి దాన్ని పక్కకి జరిపి కూర్చోబోతే, పాస్టరు గారి ప్రార్థన మధ్యలో ఈయన లేచి నిలబడి, "ఇక్కడ మనిషున్నారు!" అని గట్టిగా అన్నారు. తర్వాతి వారం కూడా అదే. వెనక గుసగుసలు మొదలయ్యాయి, ఎవరా మనిషి అని. పెద్దల్లో ఒకాయన నన్ను పక్కకి పిలిచి, ఎంతో మర్యాదగానే, కొన్నాళ్లు ఇంట్లోనే ఆన్‌లైన్‌లో ఆరాధించుకోండమ్మా అన్నారు. నాకు అవమానం కంటే కోపం ఎక్కువ వచ్చింది. దేవుని ఇంట్లో, నా పక్కనే కూర్చుని, ఇంకొకరికి కుర్చీ ఆపుతున్నాడు ఈ మనిషి!

మర్నాడు మధ్యాహ్నం మా వారి వెనకాలే హాకర్ సెంటర్‌కి వెళ్లాను. ఆ వచ్చేదాని ముఖం ఒకసారి చూసి, అక్కడి నుంచే ఒంగోలు టికెట్ తీసుకుందామని ఫోన్ చేతిలో పట్టుకునే వెళ్లాను. ఆయన ఒక కాఫీ తెచ్చుకుని, పక్క కుర్చీ మీద ప్యాకెట్ పెట్టి, రైలు స్టేషన్ వైపు చూస్తూ కూర్చున్నారు. జనం వస్తున్నారు, తింటున్నారు, పోతున్నారు. ఎవరూ రాలేదు. నాకు ఓపిక పోయి, నేరుగా వెళ్లి ఆ ప్యాకెట్ తీసి బల్ల మీద పెట్టి ఆ కుర్చీలో కూర్చున్నాను.

"ఆంటీ, కూర్చోబాకండి," అన్నారు. "ఇక్కడ మనిషున్నారు."

నేను ఆయన కళ్లలోకి చూశాను. అబద్ధం చెప్పేవాళ్ల ముఖాలు నా ఉద్యోగంలో చాలా చూశాను, మంత్రులవీ చూశాను, పోలీసులవీ చూశాను. ఆ కళ్లలో అబద్ధం లేదు. బస్సులో పరాయి ఆడమనిషితో మాట్లాడాల్సి వచ్చినప్పటి మొహమాటం ఉంది, అంతే. నా నోటి నుంచి నాకు తెలియకుండానే, "ఎవరు బాబూ?" అని వచ్చింది.

"మా ఆవిడండీ. ఎప్పుడొస్తదో చెప్పలేం, పేపరాఫీసు. పేజీ అచ్చుకి ఎల్లిందాకా కదలదు. వచ్చేసరికి ఇక్కడ చోటుండదు, నిలబడి తింటది. అందుకని నేనే ముందొచ్చి ఆపతా." కొంచెం నవ్వి, గొంతు తగ్గించి అన్నారు, "కాస్త అనుమానం మనిషి ఆంటీ. మీరిక్కడ కూర్చోవడం చూసిందంటే నాకు సాయంత్రం దాకా ప్రశ్నలే."

పెళ్లయి ఈ దేశం వచ్చిన కొత్తలో శనివారాలు నేను పత్రిక ఆఫీసు నుంచి, ఆయన తువాస్ నుంచి వచ్చి ఇలాంటి చోటే కలుసుకునేవాళ్లం. నేను ఎప్పుడూ ఆలస్యమే. నాకు అప్పుడు నడుము దాటిన జడ. ఆయన బల్ల దగ్గర టిష్యూ ప్యాకెట్ పెట్టుకుని, జనం తిట్టుకుంటున్నా కదలకుండా, ఎవరు అడిగినా ఒంగోలు బస్టాండులో చెప్పినట్టే మనిషున్నారు మనిషున్నారు అని తెలుగులోనే చెబుతూ కూర్చునేవారు. ఇవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి, అయినా ఆ వృత్తి నన్ను వదలలేదు, రూఢి చేసుకోకుండా నమ్మకూడదు. అడిగాను.

"మీ ఆవిడ పేరేంటి బాబూ?"

ఆయన సిగ్గుపడ్డారు. మా ఇళ్లలో మొగుడు పెళ్లాం పేరు, పెళ్లాం మొగుడి పేరు నోటితో అనరు. ఆయనకి నేను ఇదిగో, నాకు ఆయన ఏమండీ. మా పెళ్లిలో ప్రమాణం చేయిస్తూ పాస్టరు గారు పలికించినప్పుడు ఒక్కసారి నా పేరు అన్నారు, ఆ తర్వాత మళ్లీ అనలేదు. ఆయన అటూ ఇటూ చూసి, కాఫీ కప్పులోకి చూస్తూ, ఎవరికీ వినబడకూడదన్నట్టు అన్నారు.

"విమల."

సహోదరులారా, నేను అడిగిన ప్రార్థనకి జవాబు అది. ఆ మనిషెవరో దేవుడు నాకు చూపించాడు. ఓదార్పు వద్దు నిజం చాలన్నాను, ఆయన రెండూ ఒకే మాటలో ఇచ్చాడు. నేను లేచి ఎదురు కుర్చీలోకి మారాను. మా వారు ప్యాకెట్ తీసి మళ్లీ జాగ్రత్తగా నా కుర్చీ మీద పెట్టారు. ఎండ తగ్గేదాకా ఇద్దరం కూర్చుని ఆమె కోసం చూశాం. తర్వాత నేను, "బాబూ, ఆవిడ ఇవాళ నేరుగా ఇంటికే వెళ్లిందంట," అన్నాను. "అట్నా, మరి చెప్పరేం," అని గబగబా లేచి నాకంటే ముందు నడిచారు.

మరిదికి ఫోన్ చేసి, ఇంట్లో చేరిన పెద్దావిడ ఎవరో చెప్పాను. అంతా విన్నాడు. తర్వాత, "వదినా, నేనొస్తే నన్ను గుర్తుపడతాడంటావా?" అన్నాడు. చిన్నప్పటి నిక్కరు వేసుకుని రావాలేమో అన్నాను. ఇద్దరం నవ్వి, ఇద్దరం ఏడ్చాం. టికెట్ అతనే కొనుక్కుని వచ్చి నెల రోజులు ఉండి వెళ్లాడు, అన్నకి గడ్డం గీశాడు. ఆ నెలలోనే మా అమ్మాయి మళ్లీ తన స్నేహితులతో సినిమాకి వెళ్లింది.

ఆదివారం మందిరంలో ఆ పెద్దాయన్ని కలిసి, మేము ఇంట్లో ఉండిపోమని, ఆ కుర్చీ ఖాళీది కాదని, అది నాదేనని జరిగినదంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. ఇప్పుడు తువాస్ నుంచి లారీల్లో వచ్చే మన తమ్ముళ్లు, మా వారి దగ్గర పనిచేసినవాళ్లు, వాళ్లే ఆ కుర్చీకి కాపలా. కొత్తవాళ్లు ఎవరైనా కూర్చోబోతే, "అది మా సార్ వాళ్ల మేడందండీ, ఇట్రండి," అని వేరే చోటు చూపిస్తారు. ఆ మేడం ఆయనకి ఎడమవైపే కూర్చుని పాటల పుస్తకం తిప్పుతుంటుంది.

నేను పూర్తిగా మారిపోయానని రాస్తే మీరు నమ్మొద్దు. మందుల సీసాల మీద రాసింది నేను ఇప్పటికీ రెండుసార్లు చదువుతాను, జ్ఞాపకశక్తి పెంచుతామని ఫోన్‌లో వచ్చే పొడుల ప్రకటనలన్నీ అబద్ధమే అనుకుంటాను, అనుకోవడం మంచిదే. ఉద్యోగం తిరిగి రాలేదు. రేపటి గురించి భయం ఉంది. కానీ ఆయన మీద అనుమానం పోయింది, అది పోయాక ఇంత బరువు మోశానా అనిపించింది. క్లినిక్‌లో ఆయన్ని పక్కన పెట్టుకుని నాతో మాత్రమే మాట్లాడేవాళ్లకి, ఈయనకి తెలుస్తుందా అని అడిగేవాళ్లకి, నేను ఆయన మాటే చెబుతాను. ఇక్కడ మనిషున్నారు.

ఈ జబ్బున్న ఇంట్లో ఉండి, ఎవరినీ నమ్మలేక, ఒక కన్ను తెరిచి ప్రార్థన చేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ కన్ను తెరిచి ఉన్నా సరే ప్రార్థన మానకండి. మీ అనుమానం కూడా ప్రభువుతోనే చెప్పండి, ఆయన దానికి కూడా జవాబిస్తాడు. మనం ఎంత ఆలస్యంగా వచ్చినా, ఎంత మారిపోయి వచ్చినా, మనకోసం చోటు సిద్ధం చేయడానికి ముందే వెళ్లినవాడు ఆయన. ఈ ఊళ్లో ఉన్నవాళ్లు ఈ ఆదివారం సెరంగూన్‌లోని మా మందిరానికి రండి, ఆ ఒక్క కుర్చీ తప్ప ఎక్కడైనా కూర్చోండి.

మొన్న ఆదివారం నాకు అలసటగా ఉండి, ఆ కుర్చీ వైపు చూపించి, మీ ఆవిడ వచ్చేదాకా కాసేపు కూర్చోనా బాబూ అని అడిగాను. ఆయన ఆలోచించి, ప్యాకెట్ తీసి చేతిలో పట్టుకుని, "కూర్చోండి ఆంటీ. తనొస్తే మాత్రం లేవాల," అన్నారు. సరేనని కూర్చున్నాను. అప్పుడు మా వారి కోసం ప్రార్థన చేయడానికి పాస్టరు గారు, అందరూ పేరు పెట్టి తలుచుకునేలా నన్నే పేరు చెప్పమన్నారు. ఇన్నాళ్లూ మా వారు, మా వారు అనే చెప్పుకొచ్చాను, ఇక్కడా అలాగే రాశాను. ఆ రోజు, పెళ్లినాటి ప్రమాణం తర్వాత రెండోసారి, నలుగురి ముందు నోరు తెరిచి చెప్పాను. మీరు కూడా ప్రార్థనలో పేరు పెట్టి తలుచుకోండి. జీవరత్నం. ఆయన పేరు జీవరత్నం.

దేవునికే మహిమ.